హత్య లేకుండా క్రిస్మస్ చర్చి మిస్టరీ రాస్తే ఎవరైనా చదువుతారా? నా 150 కొవ్వొత్తుల అనుభవం

ప్రశ్న అడిగినవారి బాధ ఇదీ: క్రిస్మస్ రోజుల్లో, చిన్న ఊళ్లో, ఒక చర్చి చుట్టూ తిరిగే తేలికపాటి మిస్టరీ రాయాలనుంది. రక్తం, శవం వద్దు. కానీ హత్య లేకపోతే నాలుగు పేజీలు కూడా ఎవరూ చదవరని స్నేహితులు భయపెడుతున్నారు. అలాంటిది ఎవరికైనా నిజంగా అనుభవమైందా, ఎలా రాయాలి?

చదువుతారండి. నేనొకటి రాశాను కాబట్టి చెప్తున్నా. నిజానికి మూడుసార్లు రాశాను, మొదటి రెండూ చించేశాను. మూడోది నిలబడింది. కారణం, అది నేను కల్పించింది కాదు, నా కళ్ల ముందు జరిగింది. ఊరు పేరు, చర్చి పేరు అడక్కండి. అందులో ఉన్న మనిషి ఇప్పుడు లేరు, అయినా చెప్పను.

దాదాపు ఇరవై ఏళ్ల కిందటి మాట. ఫోన్లో టార్చి ఇంకా అందరి దగ్గరా లేని రోజులు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. మా సంఘంలో నాకు రెండు పనులుండేవి. ఆదివారం కానుకలు లెక్కపెట్టడం ఒకటి, డిసెంబరు 24 రాత్రి క్యాండిల్ లైట్ సర్వీసుకి కొవ్వొత్తులు చూసుకోవడం రెండోది. కానుకలు ఎప్పుడూ ఒక్కరే లెక్కపెట్టకూడదు, ఇద్దరుండాలి, ఇద్దరూ పుస్తకంలో సంతకం పెట్టాలి. నాతోపాటు కూర్చునేది సంఘ పెద్దల్లో ఒకాయన. నోట్లు కట్టలు కట్టడంలో ఆయన వేళ్లు మిషనులా ఆడేవి. మొత్తం రాశాక మాత్రం, "కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానమ్మా, ఎంతయిందో నువ్వే చదువు" అనేవారు. నేను చదివితే సంతకం పెట్టేవారు.

ఆ ఏడు 150 కొవ్వొత్తులు తెప్పించాం. 23 సాయంత్రం పెట్టెల్లోంచి తీసి లెక్కపెట్టాను, సరిగ్గా 150. వాటిని చర్చిలోనే బల్ల కింద పెట్టి, తాళం వేయించి ఇంటికొచ్చాను. రాత్రి కూర్చుని 150 కాగితపు చక్రాలు కత్తిరించాను. కరిగిన మైనం చేతి మీద పడకుండా కొవ్వొత్తికి తొడుగుతారే, అవి. 24 సాయంత్రం వెళ్లి ఒక్కొక్కటే తొడిగాను. ఆఖరికి నా చేతిలో ఒక కాగితపు చక్రం మిగిలిపోయింది. మళ్లీ లెక్కపెట్టాను. కొవ్వొత్తులు 149.

ఒక్క కొవ్వొత్తి. ఎంతుంటుంది దాని ఖరీదు? అయినా మనసు పీకింది. తాళం వేసిన గదిలోంచి ఎలా పోతుంది? తాళంచెవులు మూడే మూడు: పాస్టర్ గారి దగ్గరొకటి, ఊడ్చి గంట కొట్టే మనిషి దగ్గరొకటి, పెద్దల దగ్గరొకటి.

పక్కనున్న ఒకావిడతో మాటవరసకి అన్నాను, అదే నా తప్పు. ఆరాధన మొదలయ్యేసరికి ఆ ఒక్క కొవ్వొత్తి ఒక పెట్టె అయింది, గంట గడిచేసరికి ఆ పెట్టె కానుకల పెట్టె అయింది. వెనక వరసలో ఎవరో "తాళం పగలగొట్టారట కదా" అని నన్నే అడిగారు.

ఆ రాత్రి యేసు పుట్టుక చెప్పే లూకా సువార్త 2వ అధ్యాయం చదివింది మా లెక్కల పెద్దాయనే. ఆ ఏడాది నుంచి పెద్దలు వంతులవారీగా చదవాలని కమిటీ కొత్తగా పెట్టింది, మొదటి వంతు ఆయనకే వచ్చింది. పుల్పిట్ మీద, అంటే వాక్యం చదివే ఎత్తు బల్ల మీద, తాతల కాలం నాటి పెద్ద బైబిలు. ఆయన చూపుడువేలు వాక్యం వెంట జరుపుకుంటూ, ఒక్కసారి కూడా పేజీ మీది నుంచి చెయ్యి ఎత్తకుండా, కాపరులు తిరిగి వెళ్లేదాకా 20 వచనాలూ చదివారు. కైసరు ఔగుస్తు, కురేనియు లాంటి పేర్ల దగ్గర చదువుకున్న కుర్రాళ్లే తడబడతారు, ఆయన తడబడలేదు. అంతకుముందు ఆదివారం సండే స్కూల్లో ఆయన మనవరాలు కూడా అవే పేర్లు నీళ్లలా చెప్పి నన్ను ఆశ్చర్యపరిచింది. ఆ ఇంట్లో వాక్యం బాగా నడుస్తోందనుకున్నాను.

ఆఖరి పాటకి దీపాలు ఆర్పి కొవ్వొత్తులు వెలిగించాం. వెలిగించడంలో ఒక పద్ధతుంది. వెలుగుతున్న కొవ్వొత్తిని నిటారుగానే ఉంచాలి, వెలగనిదాన్ని వంచి దానికి తాకించాలి. అటుదిటైతే మైనం నేల మీద, పక్కవాళ్ల బట్టల మీద. ఏటా చెప్తాం, ఏటా సగంమంది ఉల్టాగానే చేస్తారు. పాట అయ్యాక పిల్లలు ఇళ్లకి పట్టుకుపోకుండా గుమ్మం దగ్గర అట్టపెట్టె పట్టుకుని నేనే నిలబడి ముక్కలన్నీ వసూలు చేశాను. అందరూ వెళ్లాక మెట్ల మీద కూర్చుని లెక్కపెట్టాను. వెలిగించనివి 17, ముక్కలు 133. కలిపితే 150.

పోయింది తిరిగొచ్చింది!

ఇక్కడ ఆపుతాను. ఎవరో ఈపాటికి మీకు అనుమానం వచ్చే ఉంటుంది, రావాలి కూడా. కానీ ఈలోగా మీ నవల సంగతి మాట్లాడుకుందాం.

నా మొదటి ప్రతిలో, క్రిస్మస్‌కి చర్చిలో బొమ్మలతో కట్టే పశువుల పాకలోంచి బాలయేసు బొమ్మ పోతుంది. చలేస్తుందని ఒక చిన్నపిల్ల దుప్పట్లో చుట్టి ఇంటికి తీసుకుపోయి ఉంటుంది. నాకు ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. చదివిన స్నేహితురాలు రెండో పేజీ దగ్గరే "పిల్ల తీసింది కదా" అని కాఫీ కలుపుకోవడానికి లేచి వెళ్లిపోయింది. క్రిస్మస్ కథలో బొమ్మ పోతే పిల్లో పిల్లాడో తీశారని పాఠకుడికి పుట్టుకతో తెలుసు. అది వదిలెయ్యండి.

రెండో ప్రతిలో కానుకల డబ్బు పోగొట్టాను. పెద్ద మొత్తం. పొరపాటు ఎక్కడో తర్వాత తెలిసింది. డబ్బు పోతే పోలీసులు రావాలి, రాకపోతే పాఠకుడు నమ్మడు. వస్తే, మర్నాడు పొద్దున ఆ దొంగ చర్చిలో కూర్చోలేడు. మీరు రాయాలనుకుంటున్న రకం కథకి ప్రాణం అక్కడే ఉంది: 24 రాత్రి దొరికిన మనిషి 25 పొద్దున అదే బెంచీ మీద, అదే జనం పక్కన కూర్చుని పాడగలగాలి. అందుకు వీలు లేనంత పెద్ద నేరం పెట్టారంటే కథ వేరే జాతిలోకి పోతుంది. అదీ మంచి కథే కావచ్చు, మీరడిగింది మాత్రం కాదు. కాబట్టి పోయే వస్తువు చిన్నదై ఉండాలి. దాని వెనకున్న సిగ్గు మాత్రం పెద్దదై ఉండాలి. హత్య చేసే పని ఆ సిగ్గు చేస్తుంది.

నియమాల మాట కొస్తే, డిటెక్టివ్ కథలకి బాగా పేరుపడ్డ పది సూత్రాలు రాసింది ఒక ఫాదరే, రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు క్యాథలిక్ గురువు, 1929లో. దోషి కథ మొదట్లోనే కనపడాలి, మానవాతీత శక్తులతో ముడి విప్పకూడదు, డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం అప్పటికప్పుడే పాఠకుడికీ చూపించాలి, అదృష్టవశాత్తూ తెలిసిపోవడం ఉండకూడదు. చర్చి కథలో ఇందులో రెండోదానికే మనం జారిపోతాం. ఎవరికో కలొస్తుంది, ప్రార్థనలో ఏదో తోస్తుంది, ముడి విడిపోతుంది. విశ్వాసం ఉన్న పాత్రలు ప్రార్థించనివ్వండి, ఓదార్పు పొందనివ్వండి. ఆధారం మాత్రం మైనపు చుక్కలాగా గోకితే ఊడొచ్చేదై ఉండాలి.

మీ డిటెక్టివ్ ఎవరన్నది కూడా ముందే తేల్చుకోండి, ఫాదర్ అయితే ఒక చిక్కుంది. క్యాథలిక్ పాపసంకీర్తనలో, అంటే ఫాదర్ దగ్గర తమ పాపాలు ఒప్పుకునేటప్పుడు, విన్నది ఆయన ఏ కారణం చేతనైనా సరే బయటపెట్టకూడదు. 1983 నాటి కానన్ చట్టంలో, అంటే క్యాథలిక్ సంఘపు సొంత చట్టంలో, 983వ నిబంధన అదే చెప్తుంది. మాటల్లోనే కాదు, మరే విధంగానూ ఆ మనిషిని పట్టివ్వకూడదు. అంటే మీ ఫాదర్‌కి జవాబు తెలిసి కూడా తెలియనట్టు నడుచుకోవాల్సిన పరిస్థితి రావచ్చు. మంచి రచయిత చేతిలో ఇది వరం. ప్రొటెస్టెంట్ పాస్టర్ అయితే చాలా సంఘాల్లో ఆ పాపసంకీర్తన పద్ధతే ఉండదు, రహస్యం దాచడం ఆయన మనస్సాక్షికి సంబంధించిన విషయం అవుతుంది. ఈ తేడా తెలియకుండా రాస్తే చర్చికి వెళ్లే పాఠకులు మొదటి అధ్యాయంలోనే పట్టేస్తారు. నన్నడిగితే డిటెక్టివ్‌గా పాస్టర్నీ ఫాదర్నీ వద్దు. లెక్కలు రాసేవాళ్లు, పూలు పెట్టేవాళ్లు, గంట కొట్టేవాళ్లు, వీళ్లకి తెలిసినన్ని సంగతులు ఆయనకి తెలియవు. ఆయన ముందు అందరూ సర్దుకుని కూర్చుంటారు.

కథని తరిమే గడువు కోసం వెతుక్కోనక్కర్లేదు, చర్చి క్యాలెండరే ఉంది. ఆగమన కాలం (అడ్వెంట్), అంటే క్రిస్మస్‌కి సిద్ధపడే రోజులు, క్రిస్మస్‌కి ముందు నాలుగో ఆదివారం మొదలవుతుంది, అంటే నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య ఎప్పుడైనా. 25 సోమవారం పడితే నాలుగో ఆదివారం 24నే వస్తుంది, 2023లో అలాగే వచ్చింది. పొద్దున ఆగమన ఆరాధన, అదే సాయంత్రం క్రిస్మస్ ముందు రాత్రి ఆరాధన. ఊపిరి సలపని రోజు. గది ఎప్పుడు ఖాళీగా ఉంది, ఎవరు ఎప్పుడు వచ్చారు అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. మిస్టరీకి అంతకన్నా మంచి రోజు దొరకదు. మీ కథ జరిగే సంవత్సరం ముందే ఎంచుకుని, వారాలు చూసుకుని రాయండి.

పుకార్ల గురించి ఒక మాట. తప్పుదారి పట్టించడానికి నల్లకోటు అపరిచితుణ్ణి దింపనక్కర్లేదు, ఖాళీ కనపడితే జనమే కథతో పూడ్చేస్తారు. 'సైలెంట్ నైట్' పాట సంగతే చూడండి. 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలో ఒబెర్న్‌డోర్ఫ్ అనే చిన్న ఊరి చర్చిలో దాన్ని మొదటిసారి గిటారుతో పాడారు. మాటలు అక్కడి సహాయ గురువు యోసెఫ్ మోర్‌వి, బాణీ బడిపంతులు ఫ్రాంజ్ గ్రూబర్‌ది. చర్చిలో గిటారేమిటన్న ప్రశ్నకి తర్వాతి కాలంలో ఒక ముచ్చటైన జవాబు పుట్టింది: చర్చిలో వాయించే ఆర్గన్ గాలితిత్తుల్ని ఎలుకలు కొరికేశాయట. గ్రూబర్ 1854లో ఆ పాట పుట్టుక గురించి స్వయంగా రాసి పెట్టాడు, అందులో ఎలుకల ఊసే లేదు. అయినా ఎలుకలు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. నా ఒక్క కొవ్వొత్తి గంటలో కానుకల పెట్టె అయిందంటే వింతేముంది?

సరే, మెట్ల దగ్గరికి వద్దాం.

133 ముక్కల్లో 132 దాదాపు ఒకే ఎత్తు. ఉండాలి కూడా, అన్నీ ఒకే పాటకి వెలిగి ఒకే పాటకి ఆరాయి. ఒక్కొక్కటి బొటనవేలి గోరంత తరిగింది. ఒక్కటి మాత్రం సగం పైగా కరిగిపోయింది. దానికి కాగితపు చక్రం లేదు, మైనం పక్కలంతా కారి గడ్డకట్టింది. అంటే నేను చక్రాలు తొడగకముందే, 23 రాత్రి తీసుకున్నదన్నమాట. ఇంటికెళ్లాక అలాంటిదే ఒకటి వెలిగించి గడియారం పెట్టుకుని కూర్చున్నాను. గోరంత తరగడానికి సుమారు 8 నిమిషాలు. ఆ ముక్క అంత కరగాలంటే అరగంట.

చీకటి చర్చిలో అరగంట ఎవరికేం పని? దొంగతనానికి వచ్చినవాడు మిగిలిన ముక్క తెచ్చి పెట్టెలో వెయ్యడు, అప్పు తీసుకున్నవాడే వేస్తాడు. పైగా స్విచ్చి వేసుకోవచ్చు కదా? వేసుకుంటే కిటికీలన్నీ వెలుగుతాయి, వీధి మొత్తానికి తెలుస్తుంది. తెలియకూడదనుకున్నాడు. ఇప్పుడు రాస్తే ఇక్కడే దెబ్బతింటారు, ఫోన్ టార్చి ఉండగా కొవ్వొత్తి ఎందుకని మొదటి పాఠకుడే అడుగుతాడు. కథని పాత రోజుల్లోకి జరపండి, లేదా ఫోన్ లేని మనిషిని పెట్టండి.

మైనం గోకడానికి మొద్దుకత్తి పట్టుకుని లోపలికెళ్లాను. బెంచీల దగ్గర చుక్కలు ఎప్పుడూ ఉండేవే. పుల్పిట్ చెక్క మీద ఎడమ పక్కన ఒక గడ్డ ఉంది, చిన్న కుంకుడుకాయంత. ఆఖరి పాటకి అక్కడెవరూ నిలబడలేదు. గోకుతూ తెరిచి ఉన్న బైబిలు చూశాను. లూకా రెండో అధ్యాయం కుడి పేజీలో అడుగున మొదలవుతోంది. ఏడో వచనంతో పేజీ అయిపోయింది. ఎనిమిదో వచనం నుంచి, అంటే పొలంలో కాపరులు వచ్చే దగ్గర్నుంచి, అంతా పేజీ తిప్పాక ఉంది.

ఆయన పేజీ తిప్పలేదు.

పైన రాశాను చూడండి, చెయ్యి ఎత్తకుండా 20 వచనాలూ చదివారని. ఆ రాత్రి కూడా ఆయన ముఖాన కళ్లజోడు లేదు. కానుకల పుస్తకంలో మూడంకెలు చదవలేని మనిషి కురేనియు దాకా ఎలా చదివారు? మనవరాలు ఇంట్లో రోజూ చదివి వినిపిస్తే. 20 వచనాలకి మూడు నాలుగు నిమిషాలు, అరగంటలో ఏడెనిమిదిసార్లు. ఆ వెలుగు చదవడానికి కాదు. ఎక్కడ నిలబడాలో, వేలు ఎక్కడ పెట్టాలో, ఏ మాట దగ్గర తలెత్తి జనం వైపు చూడాలో, అవన్నీ చూసుకోవడానికి. ఆయనకి చదువు రాదు. అన్నేళ్లు పక్కన కూర్చుని లెక్కపెట్టాను, కళ్లజోడు ఎందుకు మర్చిపోతున్నారో నాకు తట్టలేదు. అసలు ఆయన కళ్లజోడు పెట్టుకోగా ఎవరూ చూడలేదన్న సంగతి కూడా ఆ పూటే తట్టింది.

నా మూడో ప్రతిలో ఈ పెద్దాయన్ని ఒక ముసలావిడగా మార్చాను, కొవ్వొత్తి బదులు తాళంచెవి పెట్టాను, చదవడం బదులు వేరే ఇబ్బంది పెట్టాను. కథలోని డిటెక్టివ్ చివరి అధ్యాయంలో అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి వేలెత్తి చూపించదు. ఆ పద్ధతి ఇక్కడ అస్సలు నప్పదు. ఎవరన్నది ఆఖరికి ముందే తేలిపోతుంది. తర్వాత ఇరవై పేజీలు ఎవరికి చెప్పాలి, చెప్పాలా అన్నదాని మీదే నడుస్తాయి. మీ స్నేహితులు భయపెట్టిన ఆ పేజీలే పాఠకులు ఆగకుండా చదివామని చెప్పారు.

ఆ రాత్రి నాకు మాత్రం ఇరవై పేజీల టైము లేదు. మైనపు గడ్డ ఊడదీసి కొంగున కట్టుకుంటుంటే పాస్టర్ గారు దీపాలు ఆర్పుకుంటూ వచ్చారు. పుకారు ఆయన చెవినా పడినట్టుంది. ఆయన వెనకే పెద్దాయన, చేతిలో తాళంచెవి.

"ఏమ్మా, కొవ్వొత్తులు తగ్గాయంటున్నారు?"

"లేదండి, నేనే తప్పు లెక్కపెట్టాను. 150కి 150 ఉన్నాయి."

పెద్దాయన నా వైపు చూడలేదు. బైబిలు దగ్గరికెళ్లి, రిబ్బను సరిచేసి, మెల్లగా మూసేశారు.